అంబాసిడర్ వేడెక్కితే ముందే రేడియేటర్ కొనకండి

బండి వేడెక్కుతోందని అంబాసిడర్‌ను ఒంగోలులోని మా షెడ్డుకు ఎవరు తెచ్చినా, బానెట్ ఎత్తకముందే ఒక మాట అడుగుతాను: ఎప్పుడు వేడెక్కుతోంది? ట్రాఫిక్‌లో నిలబడినప్పుడా, హైవే మీద పరుగెత్తేటప్పుడా, స్టార్ట్ చేసిన కాసేపటికేనా, ఆపేసిన తర్వాతా? "ఎప్పుడూ అంతేనండీ, ఎండాకాలం కదా" అంటారు చాలామంది. రోహిణి కార్తెలో మన ఎండ సంగతి నాకు చెప్పనక్కర్లేదు. కానీ ఇదే ఎండలో ఈ బండ్లు ఏళ్ల తరబడి టాక్సీలుగా తిరిగాయి. ఇప్పుడు మరుగుతోందంటే ఏదో ఒకటి పాడైందన్నమాట.

నేను చెప్పేది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ ఉన్న పాత అంబాసిడర్ల గురించి. వీటిలో ఫ్యాను, ఇంజన్‌కూ రేడియేటర్‌కూ మధ్య నీటిని తిప్పే వాటర్ పంపు ముక్కుకే బిగించి ఉంటుంది. ఆ రెంటినీ ఒకే బెల్టు తిప్పుతుంది. ప్రీమియర్ పద్మిని ఉన్నవాళ్లకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ముందుగా వేడి చూపే మీటరు నిజం చెబుతోందో లేదో తేల్చుకోండి. ఎర్త్ సరిగా లేకపోయినా, ఇంజన్ వేడిని మీటరుకు చేరవేసే సెండింగ్ యూనిట్ పాడైనా ముల్లు ఇష్టమొచ్చినట్టు ఆడుతుంది. లేజర్ చుక్క పడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఇప్పుడు చవకగానే దొరుకుతోంది. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే వాల్వు) ఉన్న గూడు మీద చిన్న నల్ల టేపు ముక్క అంటించి, ఆ టేపు మీద కొలవండి. మెరిసే లోహం మీద నేరుగా కొలిస్తే అసలు వేడి కంటే తక్కువ చూపిస్తుంది. అక్కడ 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉండి, పొంగకుండా తిరుగుతుంటే, మీ సమస్య ఇంజన్‌లో లేదు, మీటరులో ఉంది.

నెల్లూరు ఆత్మకూరు బస్టాండు అండర్ బ్రిడ్జి దగ్గరో, టంగుటూరు టోల్‌గేటు వరుసలోనో ముల్లు పైకి వెళ్లి, బండి కదలగానే కిందికి దిగితే, అది గాలి తక్కువైన లక్షణం. బండి నిలబడి ఉన్నప్పుడు గాలిని లాగేది ఫ్యాను ఒక్కటే. ఇంజన్ ఆపి, బెల్టులో అన్నిటికంటే పొడవుగా ఉన్న భాగాన్ని మధ్యలో వేలితో నొక్కండి. అరంగుళం దిగితే సరి. అంతకంటే బాగా దిగితే వదులైనట్టే. బెల్టు పుల్లీ గాడి అడుగుకు తగిలి, అడుగు నున్నగా మెరుస్తుంటే, ఎంత బిగించినా జారుతుంది. కొత్తది వేయాలి. పంపు మార్చినప్పుడు ఫ్యాను రెక్కలను తిప్పి బిగించిన బండ్లు కూడా మా దగ్గరికి వస్తుంటాయి. అలా బిగిస్తే గాలి విసురుతుంది గాని, కావలసినంత రాదు.

తర్వాత రేడియేటర్ ముఖం చూడండి. కొత్తపట్నం, మైపాడు వైపు తిరిగే బండ్లకు ఉప్పుగాలి వల్ల సన్నటి రేకులు పొడిపొడిగా రాలిపోతాయి. గొట్టాలు బాగానే కనిపిస్తాయి, కానీ వేడిని గాలికి అందించే రేకు మిగలదు. లోపలి దిక్కున దుమ్ము, పురుగులు పేరుకుంటే ఇంజన్ వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్లు పట్టి కడగండి. ఎక్కువ ప్రెజరుతో కొడితే రేకులు వంగిపోతాయి. గ్రిల్లు ముందు పెద్ద హారన్లు, ఫాగ్ లైట్లు, బోర్డులు బిగించి గాలి దారి మూసేయడం మన దగ్గర ఎక్కువ. అందం కోసమైతే ఇంకెక్కడైనా పెట్టుకోండి.

హైవే మీద, అదీ వేగం పెరిగినప్పుడే వేడెక్కితే, గాలిని వదిలి నీటి దారిని వెతకాలి. కావలి నుంచి ఒక మాస్టారు తెచ్చిన మార్క్ 4 ఊళ్లో బ్రహ్మాండంగా తిరిగేది. జాతీయ రహదారి ఎక్కి వేగం అందుకోగానే ముల్లు ఎరుపులోకి వెళ్లేది. అంతకుముందు చూసినవాళ్లు రేడియేటర్ మార్చమన్నారట. ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఒకరిని యాక్సిలరేటర్ తొక్కమని, కింది హోస్ పైపును చూస్తూ నిలబడ్డాను. ఇంజన్ వేగం పైకి లేచేసరికి పైపు చదునుగా అతుక్కుపోయింది. పంపు నీటిని లాగే వైపు పైపు కాబట్టి అది ముడుచుకోకుండా లోపల ఒక స్ప్రింగు ఉంటుంది. తుప్పు పట్టి ఆ స్ప్రింగు కరిగిపోయింది. స్ప్రింగు ఉన్న కొత్త పైపు వేశాక, పాత రేడియేటర్‌తోనే ఆయన ఇప్పటికీ తిరుగుతున్నారు. అందుకే కింది పైపు చూడకుండా రేడియేటర్ మాట ఎత్తవద్దంటాను.

పైపు బాగుంటే అప్పుడు రేడియేటర్ గొట్టాలు పూడుకున్నాయేమో చూడాలి. బండిని బాగా వేడి చేసి, ఆపి, ముఖమంతా అడ్డంగా, నిలువుగా అదే థర్మామీటరుతో కొలవండి. పై నుంచి కిందికి వేడి మెల్లగా తగ్గాలి. మధ్యలో ఒక పట్టీ చల్లగా ఉంటే అక్కడి గొట్టాల్లో నీరు పారడం లేదు. పై ట్యాంకు విప్పించి గొట్టాల్లో సన్నటి కమ్మీ తోలించే పనివాళ్లు ఇంకా ఉన్నారు. పాత రాగి, ఇత్తడి రేడియేటర్‌కు ఆ వైద్యం చేయించవచ్చు. ఇంజన్ బ్లాకు పక్కన ఉన్న డ్రెయిన్ ట్యాప్ కూడా తెరిచి చూడండి. తెరిచినా చుక్క రాకపోతే లోపల తుప్పు బురద గట్టిపడిందని అర్థం. తీగతో పొడిస్తే ఎర్రటి ముద్ద బయటికొస్తుంది. ఆ బురద వెనకవైపు సిలిండర్ల చుట్టూ పేరుకుంటే, ముందు ఎన్ని కొత్త సామాన్లు వేసినా ఫలితం ఉండదు.

స్టార్ట్ చేసిన కాసేపటికే వేడెక్కి, ఇంజన్ నుంచి రేడియేటర్‌కు వెళ్లే పై హోసు మాత్రం చల్లగా ఉంటే థర్మోస్టాట్ మూసుకుని ఉండిపోయింది. విప్పి, గిన్నెలో నీళ్లు పోసి, అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి కాచండి. పక్కన థర్మామీటరు ఉంచండి. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి, నీరు మరిగేలోపు పూర్తిగా తెరుచుకోవాలి. "మన ఎండకు ఇది ఎందుకు, పీకి పారేయండి" అనే సలహా ఊరూరా వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. అది లేకపోతే ఇంజన్ చల్లగా తిరిగి, పెట్రోలు ఎక్కువ తాగి, ఆయిల్లో తేమ నిలుస్తుంది. అసలు జబ్బు మాత్రం లోపలే ఉంటుంది.

ప్లగ్గుకు స్పార్క్ ఇచ్చే పాయింట్ల టైమింగ్ వెనక్కి పోయినా, కార్బురేటర్‌లో గాలికి తగినంత పెట్రోలు కలవకపోయినా ఇంజన్ వేడెక్కుతుంది. బండి లాగడంలో బద్ధకం కూడా కనిపిస్తే నీళ్ల సంగతి ఆపి టైమింగ్ లైటు పట్టండి.

ఇంజన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయిందేమోనన్న అనుమానం ఉంటే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. నీటిలో ఆగకుండా బుడగలు వస్తున్నా, ఆయిల్ మట్టం చూసే పుల్ల మీద మజ్జిగ రంగు నురగ ఉన్నా హెడ్ దించాల్సిందే.

ఆపేశాక మూత దగ్గర బుసలు కొట్టి నీళ్లు కక్కితే, ముందు మూతనే అనుమానించండి. 7 పౌన్ల (చదరపు అంగుళానికి అంత ఒత్తిడిని ఆపే) మూత సరిగ్గా పట్టి ఉంటే నీరు దాదాపు 111 డిగ్రీల దాకా మరగదు. రబ్బరు ఎండిపోతే ఆ లాభం పోతుంది. అలాగని కొత్త కార్ల మూత, రెట్టింపు ప్రెజరుది, తెచ్చి బిగించకండి. పాత టంకం అతుకులు విడిపోతాయి. చల్లారాక పై హోసు చదునుగా పీల్చుకుపోయి కనిపిస్తే మూతలోని చిన్న వాల్వు తెరుచుకోవడం లేదు. ఒక హెచ్చరిక మాత్రం తప్పదు: పై హోసును పిసికి చూస్తే లోపల ఒత్తిడి ఏమీ లేదని తెలిసేదాకా మూత ముట్టుకోకండి. మరిగిన ఇంజన్ మీద చన్నీళ్లు పోయకండి, హెడ్ పగులుతుంది.

ఇక నీళ్లు. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లు కాస్తే టీ గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది కదా, రేడియేటర్ గొట్టంలోనూ అదే కడుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. అందులో మూడో వంతు కూలెంట్ కలిపితే మన వాతావరణానికి చాలు. వేడిని మోయడంలో కూలెంట్ కంటే నీరే మెరుగు, కూలెంట్ పని తుప్పును ఆపడం, మరిగే స్థాయిని కాస్త పెంచడం. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లగా ఉంటుందనుకోవద్దు.

నింపేటప్పుడు బండి ముక్కును కొంచెం ఎత్తులో నిలపండి. మూత తీసి ఇంజన్ నడపండి, థర్మోస్టాట్ తెరుచుకోగానే నీటిమట్టం ఒక్కసారిగా దిగుతుంది, అప్పుడు మళ్లీ పోయండి. గాలి బుడగలు ఆగాక మూత బిగించి, సింగరాయకొండ దాకా వెళ్లి రండి. మర్నాడు ఉదయం, బండి చల్లగా ఉండగా, మట్టం ఇంకోసారి చూడండి. కాస్త తగ్గితే మిగిలిన గాలి బయటికి వచ్చింది, పోసేయండి. రోజూ తగ్గుతుంటే వాటర్ పంపు కింద అట్ట పరిచి, మరక ఎక్కడ పడుతుందో వెతకండి.