కొబ్బరి పీచు యూనిట్‌కు పీఎంఈజీపీ రుణం: కోనసీమలో దరఖాస్తు ఎలా చేయాలి

కొబ్బరి డొక్కల నుంచి పీచు తీసే యూనిట్ అయినా, తాళ్లు, చాపలు నేసే యూనిట్ అయినా, కొత్తగా పెట్టేవారికి ఎక్కువ రాయితీ దొరికే పథకాల్లో పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం) ఒకటి. ఇందులో బ్యాంకు రుణం ఇస్తుంది, కేంద్రం రాయితీ ఇస్తుంది. తయారీ యూనిట్‌కు ప్రాజెక్టు వ్యయం 50 లక్షల రూపాయల వరకు ఉండొచ్చు. 18 ఏళ్లు నిండాలి. వ్యయం 10 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. భార్యాభర్తలను ఒకే కుటుంబంగా లెక్కిస్తారు కాబట్టి, ఒకరు తీసుకుంటే రెండోవారికి రాదు.

ముందు లెక్క చూసుకోండి. అంబాజీపేట పంచాయతీలో ఒక మహిళ 20 లక్షలతో యూనిట్ పెడుతున్నారనుకుందాం. సొంత వాటా 5 శాతం, అంటే లక్ష. బ్యాంకు 19 లక్షలు ఇస్తుంది. రాయితీ 35 శాతం, అంటే 7 లక్షలు. అసలులో చివరికి తీర్చాల్సింది 12 లక్షలు. అదే యూనిట్‌ను అమలాపురం మున్సిపాలిటీలో జనరల్ కేటగిరీ పురుషుడు పెడితే సొంత వాటా 2 లక్షలు, రాయితీ 15 శాతం, అంటే 3 లక్షలే. తీర్చాల్సిన అసలు 15 లక్షలు అవుతుంది. పంచాయతీ పరిధిలో ఉంటే గ్రామం, మున్సిపాలిటీలో ఉంటే పట్టణం. షెడ్డు ఏ హద్దులో పడుతుందో స్థలం ఖాయం చేసుకోకముందే చూసుకోవాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, దివ్యాంగులు, మాజీ సైనికులకు కూడా ఎక్కువ రాయితీ వర్తిస్తుంది. మహిళలకు కులంతో పనిలేదు. అయితే శిక్షణకు వెళ్లాల్సింది, బ్యాంకులో సమాధానం చెప్పాల్సింది ఆమే. పేరు మాత్రం ఆమెది, పని ఇంకొకరిది అయితే మేనేజర్ రెండు ప్రశ్నల్లోనే పట్టేస్తారు.

దరఖాస్తు ఖాదీ కమిషన్ పీఎంఈజీపీ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే చేయాలి. రుసుము లేదు, ఏజెంటుతో పనిలేదు. ఆధార్, పాన్, ఫొటో, కుల ధ్రువపత్రం, చదువు సర్టిఫికెట్, గ్రామీణ ప్రాంత ధ్రువపత్రం, ప్రాజెక్టు రిపోర్టు స్కాన్ చేసి పెట్టుకోండి. ఆధార్‌లో ఉన్న పేరే అన్నింటిలోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. దరఖాస్తును పరిశీలించే ఏజెన్సీ ఏదని పోర్టల్ అడిగిన చోట పీచు యూనిట్‌కు కాయర్ బోర్డును (కొబ్బరి పీచు పరిశ్రమను చూసే కేంద్ర సంస్థ) ఎంచుకోవచ్చు. దాని ప్రాంతీయ కార్యాలయం రాజమహేంద్రవరంలో ఉంది. జిల్లా పరిశ్రమల కేంద్రాన్నైనా ఎంచుకోవచ్చు. పథకానికి ఆమోదం 2021-22 నుంచి 2025-26 వరకు ఇచ్చారు. ఆ తర్వాత దరఖాస్తు చేసేవారు పోర్టల్‌లో కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో మొదట చూసుకోవాలి.

చాలా ఫైళ్లు ఆగిపోయేది ప్రాజెక్టు రిపోర్టు దగ్గరే. పోర్టల్‌లోని నమూనా రిపోర్టును ఉన్నదున్నట్టు పెడితే మన ఊరికి సరిపోదు. వెయ్యి డొక్కలకు సుమారు 80 నుంచి 100 కిలోల పీచు వస్తుంది, పీచు తీశాక మిగిలే పొట్టు దానికి రెట్టింపు. పొట్టు అమ్మకం చూపకపోతే ఆదాయం తక్కువగా కనిపిస్తుంది, పైగా అది యార్డులో గుట్టలు పడిపోతుంది. పీచు ఎండకే ఆరాలి. జూలై నుంచి అక్టోబరు దాకా వానలు, వరద ఉన్న డెల్టాలో ఏడాదికి 300 రోజుల ఉత్పత్తి రాస్తే ఏ మేనేజరూ నమ్మరు. ఆరబోసే స్థలం ఎంతో, వానాకాలానికి సరుకు ఎక్కడ దాస్తారో రాయండి. వరదకు మునిగే లంక భూమిలో షెడ్డు చూపకపోవడమే మంచిది. భూమి ధర ప్రాజెక్టులో కలపకూడదు. షెడ్డు కట్టే ఖర్చు కలపొచ్చు. యంత్రాలకు జీఎస్టీ ఉన్న కొటేషన్లు, త్రీఫేజ్ కరెంటు అంచనా జతచేయండి.

మంజూరు కాకముందు యంత్రం కొనొద్దు, ఉత్పత్తి మొదలుపెట్టొద్దు. ఈ రుణం కొత్త యూనిట్లకే కాబట్టి, నడుస్తున్నట్టు తేలితే రాయితీ పోతుంది. ఇప్పటికే కొబ్బరి నూనె, పూతరేకులు వంటి ఆహార యూనిట్ నడుపుతున్నవారికి పీఎంఎఫ్‌ఎంఈ (చిన్న ఆహార యూనిట్ల కోసం ఉన్న కేంద్ర పథకం) సరైన దారి. అందులో రాయితీ 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు.

ఏజెన్సీ పరిశీలించాక ఫైలు బ్యాంకుకు వెళ్తుంది. రుణం మంజూరయ్యాక ఈడీపీ శిక్షణ (యూనిట్ నడపడం నేర్పే శిక్షణ) పూర్తిచేయాలి. 5 లక్షల వరకు ప్రాజెక్టుకు 5 రోజులు, ఆపైన 10 రోజులు. 2 లక్షల లోపు వాటికి తప్పనిసరి కాదు. సొంత వాటా జమచేసి, మొదటి విడత రుణం విడుదలయ్యాకే బ్యాంకు రాయితీ కోరుతుంది.

ఆ రాయితీ చేతికి రాదు. బ్యాంకులో మూడేళ్ల డిపాజిట్‌గా ఉంటుంది. రుణంలో ఆ రాయితీకి సమానమైన భాగంపై వడ్డీ పడదు, డిపాజిట్‌కూ వడ్డీ రాదు. మూడేళ్లకు యూనిట్‌ను కళ్లారా చూసి తనిఖీ చేసిన తర్వాతే రుణంలో సర్దుతారు. ఈలోగా వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ ఖర్చులకు వాడుకునే రుణం) పరిమితిని కనీసం ఒక్కసారైనా పూర్తిగా వాడి ఉండాలి, సగటున 75 శాతానికి తగ్గకూడదు. అవసరానికి మించి పరిమితి అడిగితే ఇక్కడే ఇరుక్కుంటారు. డొక్కలు కొనడానికి, కూలీలకు, వానాకాలపు నిల్వకు నిజంగా ఎంత పడుతుందో అంతే రాయండి.