సైలెన్సర్ మార్చాక బండి పేచీ పెడుతోందా? ముందు లీకు చూడండి, జెట్ల జోలికి తర్వాత వెళ్దాం

కొత్త సైలెన్సర్ బిగించి రోడ్డెక్కగానే టప్ టప్‌మని పేలడమో, పికప్ పడిపోవడమో, మీటర్లో ఇంజిన్ లైటు వెలగడమో మొదలైతే, ఎవర్ని అడిగినా ముందు చెప్పేది "జెట్టు మార్చాలి బాస్" (కార్బరేటర్లో పెట్రోలు కొలిచి వదిలే చిన్న ముక్క) అనో, "రీమ్యాప్ చేయించు" (ఇంజెక్షన్ బండి కంప్యూటర్లో పెట్రోలు లెక్క మార్చడం) అనో. ఆ మాట అప్పుడే వినకండి. చాలావరకు గొడవ పెట్రోలుది కాదు, బిగింపుది. ఎక్కడో గాలి లీకవుతూ ఉంటుంది, లేదా సెన్సర్ వైరు పెట్టడం మర్చిపోయి ఉంటారు. ఈ రెండూ తేలకుండా కార్బరేటర్ విప్పితే అసలు తప్పు అలాగే ఉంటుంది, దాని పక్కన ఇంకోటి చేరుతుంది.

ఇక్కడ ఎక్కువగా ఎన్‌ఫీల్డ్ 350ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా, ఇందోరి, పంజాబ్, డాల్ఫిన్ అంటూ మన దగ్గర ఎక్కువ సైలెన్సర్లు మారేది దానికే కాబట్టి. పల్సర్‌కైనా, డ్యూక్‌కైనా లెక్క ఇదే.

యాక్సిలరేటర్ వదలగానే టప్ టప్‌మని పేలుతోంది

యాక్సిలరేటర్ మూసినప్పుడు సిలిండర్లో సరిగ్గా కాలని పెట్రోలు ఆవిరి, ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కి పోయే బెండ్ పైపులోకి వచ్చేస్తుంది. అది ఒక్కటే అయితే పెద్ద చప్పుడేం ఉండదు. కానీ ఇంజిన్ పొగని దెబ్బలు దెబ్బలుగా తోస్తుంది, రెండు దెబ్బల మధ్య పైపులో ఒత్తిడి బయటి గాలి కన్నా తగ్గుతుంది, ఆ క్షణంలో హెడ్ (సిలిండర్ పై మూత) దగ్గర గ్యాస్కెట్‌లో వెంట్రుకంత సందు ఉన్నా బయటి గాలి లోపలికి లాక్కుంటుంది. వేడి, పెట్రోలు, ఆక్సిజన్ మూడూ అక్కడే కలిశాయి, ఇంకేం, పేలుతుంది.

కారణం సాధారణంగా పాత గ్యాస్కెట్టే. హెడ్‌కీ బెండ్ పైపుకీ మధ్య ఉండే ఆ రింగు ఒక్కసారి నలిగితే అయిపోయినట్టే, రెండోసారి ఆ సందుని మూయదు. బాగానే ఉంది కదా అని మెకానిక్ పాతదే వేసేస్తాడు, మనమూ ఏమనం. ఫుల్ సిస్టమ్ (బెండ్ పైపుతో సహా మొత్తం) వేస్తున్నా, బెండ్ పైపు విప్పినా, కొత్త గ్యాస్కెట్ ముందే కొని పెట్టుకోండి. కోఠి పుత్లీబౌలిలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో బండి మోడల్ చెప్తే ఇచ్చేస్తారు, ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

లీకు పట్టుకోవడానికి ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి. స్టార్ట్ చేసి, మందపాటి గ్లవ్‌లో గుడ్డ ఉండ పట్టుకుని సైలెన్సర్ చివరని ఒక్క క్షణం సగం మూయండి. లీకు ఉంటే జాయింటు దగ్గర "స్‌స్" మని వినిపిస్తుంది. ఇంజిన్ వేడెక్కకముందే జాయింట్ల మీద సబ్బు నీళ్లు రాస్తే బుడగలు కూడా వస్తాయి (వేడి పైపు మీద మాత్రం నీళ్లు పోయకండి). అగరుబత్తి పొగతో చూసేవాళ్లూ ఉన్నారు, పనిచేస్తుంది, కాకపోతే దగ్గర్లో పెట్రోలు వాసన ఏమాత్రం వస్తున్నా ఆ పని పెట్టుకోకండి. నాలుగైదు రోజులు తిరిగిన బండి అయితే ఇవేవీ అక్కర్లేదు, లీకైన చోట నల్లటి మసి చార కనిపిస్తుంది.

లీకు అస్సలు లేదు, అయినా సన్నగా పేలుతోంది అంటే, చాలా బండ్లలో పొల్యూషన్ తగ్గించడానికి ఎగ్జాస్ట్ పోర్టులోకి కంపెనీయే కాస్త గాలి పంపిస్తుంది. ఆ పేలుడు కంపెనీ సైలెన్సర్లో అణిగిపోయేది, ఇప్పుడు ఫ్రీ ఫ్లోలో (పొగకి అడ్డు తక్కువుండే సైలెన్సర్లో) బయటికి వినిపిస్తోంది, అంతే. దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఆ గాలి పైపు మూసేయమని సలహా ఇస్తారు. పేలడం తగ్గుతుంది నిజమే, పొగలో కాలుష్యం పెరుగుతుంది. నేనైతే మూయను.

ఇంజిన్ లైటు వెలిగింది

2020లో బీఎస్6 కాలుష్య నియమాలు వచ్చాక కార్బరేటర్ బండ్లు దాదాపు పోయి, ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఇంజెక్షన్ బండ్లు వచ్చాయి. లైటు వెలిగితే ముందు ఆ సెన్సర్ కనెక్టర్ టక్‌మని పడిందో లేదో చూడండి. తర్వాత వైరు బెండ్ పైపుకి తగిలి కరిగిందేమో చూడండి, ఇది నేను అనుకున్నదాని కన్నా ఎక్కువగా జరుగుతుంది, పాత రూట్లో ఉన్న క్లిప్పు మళ్లీ పెట్టరు మరి. కొత్త బెండ్ పైపులో సెన్సర్‌కి మర కన్నమే లేకపోతే, సెన్సర్ని వైరుతో వేలాడదీసి వదిలేయకండి, ఆర్గాన్ వెల్డింగ్ దగ్గర పాత పైపు కొలతతోనే, పాత స్థానానికి దగ్గర్లో బుష్ వెల్డ్ చేయించండి.

సెన్సర్‌కి ముందు లీకు ఉంటే ఇంకో తమాషా. లోపలికి లాగిన బయటి గాలిలో ఆక్సిజన్ చూసి, మిశ్రమం పలచగా ఉందనుకుని ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పెట్రోలు పెంచేస్తుంది. ప్లగ్గు నల్లగా మసి కడుతుంది, మైలేజీ పడిపోతుంది, మనం సైలెన్సర్ కంపెనీని తిడుతుంటాం. చివరి డబ్బా మాత్రమే మార్చి, బెండ్ పైపూ సెన్సరూ కదపకపోతే మామూలుగా రీమ్యాప్ అవసరం రాదు. నిదానంగా పోయేటప్పుడు ఆ సెన్సరే పెట్రోలుని సరిచేసుకుంటుంది.

పికప్ పోయింది, బెండ్ పైపు నీలం రంగుకి తిరిగింది

కింది గేర్లలో బండి లాగట్లేదంటే పైపు అవసరం కన్నా వెడల్పు అయి ఉండొచ్చు. పొగ వేగం తగ్గితే తర్వాతి దెబ్బని అది లాగలేదు. డీబీ కిల్లర్ (సైలెన్సర్ చివర చప్పుడు తగ్గించే గొట్టం ముక్క) తీసేసి ఉంటే పెట్టి చూడండి, చాలామందికి అక్కడే సగం పికప్ తిరిగొస్తుంది.

నీలం రంగు చూసి మాత్రం కంగారు పడకండి. కంపెనీ బెండ్ పైపు చాలా బండ్లలో రెండు పొరలుగా ఉంటుంది, బయటి పొరకి అంత వేడి చేరదు. మార్కెట్ పైపు ఒకే పొర, కాబట్టి మంచి ట్యూనింగ్‌లో కూడా నీలం ఎక్కుతుంది. అసలు సంగతి స్పార్క్ ప్లగ్గు చెప్తుంది. కాస్త దూరం నడిపి, ఇంజిన్ చల్లారాక ప్లగ్గు తీయండి. టీ రంగులో ఉంటే వదిలేయండి. తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, నల్లటి పొడి మసి ఉంటే ఎక్కువ. లీకు లేదని తేలి, ప్లగ్గు తెల్లగా ఉంటేనే కార్బరేటర్ని ముట్టుకోండి. పైలట్ స్క్రూ (కార్బరేటర్ మీద మిశ్రమం సరిచేసే చిన్న మర) ఇంజిన్ వైపు ఉంటే విప్పేకొద్దీ పెట్రోలు పెరుగుతుంది, ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే బిగించేకొద్దీ. పావు చుట్టు చొప్పున కదపండి. దానితో కుదరకపోతే అప్పుడు మెయిన్ జెట్టు ఒక సైజు పైకి.

గలగలమంటోంది, బ్రాకెట్ విరిగింది

దాదాపు ఎప్పుడూ బిగించిన వరసే తప్పు. వెనక బ్రాకెట్ బోల్టు ముందు గట్టిగా బిగించేసి, తర్వాత హెడ్ దగ్గర నట్లు బిగిస్తే పైపంతా మెలితిరిగిన ఒత్తిడిలో ఉంటుంది, వెల్డింగ్ దగ్గర చీలుతుంది. అన్నీ చేత్తో వదులుగా ఎక్కించండి. ముందు హెడ్ ఫ్లాంజ్ నట్లు, ఇటు కొంచెం అటు కొంచెం, సమానంగా. తర్వాత మధ్య క్లాంపు. బ్రాకెట్ అన్నిటికన్నా చివర. బ్రాకెట్ కన్నం కలవకపోతే బోల్టుతో లాగి కలపకండి, కన్నాన్ని ఆకురాయితో కాస్త కోలగా చేయండి లేదా లేత్ దగ్గర చిన్న స్పేసర్ చేయించండి. రబ్బరు బుష్ పాతదైతే పడేయండి. ఓ యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక చల్లటి ఇంజిన్ మీద నట్లన్నీ మళ్లీ ఒకసారి చూసుకోండి.

మధ్య జాయింటు వదులుగా ఉంటే క్లాంపుని ప్రాణం పోయేలా బిగించడం వల్ల లాభం లేదు, వెర్నియర్‌తో కొలిచి స్లీవ్ వేయించండి. ఎర్ర సిలికాన్ ఆ వెనక జాయింటుకి పర్లేదు, హెడ్ దగ్గర మాత్రం కాలి బూడిదవుతుంది.

హెడ్ స్టడ్ విరిగింది

అల్యూమినియం హెడ్‌లో ఉక్కు స్టడ్ (తల లేని బోల్టు, ఫ్లాంజ్ నట్టు ఎక్కేది దాని మీదే), ఏళ్ల తరబడి వేడికి పట్టేసి ఉంటుంది. పానాకి పైపు తొడిగి బలం పెట్టారా, విరుగుతుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి, ఇంజిన్ కొంచెం గోరువెచ్చగా ఉన్నప్పుడు అటూ ఇటూ కదుపుతూ విప్పండి. విరిగితే, ముక్క బయటికి ఉంటే దానికి నట్టు వెల్డ్ చేయించి తీయించండి. లోపలికి విరిగితే ఇంట్లో డ్రిల్లు పెట్టకండి, లేత్ పనివాడి దగ్గరికి పోండి.

మొదటి స్టార్టుకి పొగ, మరకలు

పొగ కొత్త పైపు మీది నూనెది, కాసేపట్లో పోతుంది. మరకలు మన వేలిముద్రలవి, కాలితే పోవు. స్టార్ట్ చేసేముందే థిన్నర్ గుడ్డతో తుడిచేయండి.

పోలీసులు ఆపారు

దీనికి పానా లేదు. 175 సీసీ పైన బండికి తయారీ దశలో శబ్దం పరిమితి 80 డెసిబెల్స్, 80 నుంచి 175 సీసీకి 77. మోటారు వాహనాల చట్టం 190(2) కింద శబ్దానికి 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్స్ మీద మూడు నెలల వేటు కూడా ఉన్నాయి. 2019 సవరణతో వచ్చిన 182ఎ(4) ప్రకారం చట్టం ఒప్పుకోని మార్పు బండి యజమాని చేస్తే, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా. డీబీ కిల్లర్ జేబులో కాకుండా సైలెన్సర్లో ఉంచండి, కంపెనీ సైలెన్సర్ని పాత ఇనుప సామాన్లవాడికి అమ్మేయకండి. దాని బోల్టులు, క్లాంపు, బుష్ ఒక కవర్లో కట్టి దానికే తగిలించి అటక మీద పెట్టుకోండి.