పూలకుండీ బ్రాకెట్ కంప్యూటర్లో డిజైన్ చేసి మనమే 3డి ప్రింటర్లో ప్లాస్టిక్‌తో ప్రింట్ చేసుకోవడం ఎలా?

బాల్కనీ గోడకి 3 కిలోల కుండీ తగిలించాలి, షాపులో దొరికే బ్రాకెట్లేమో మన గోడకి సరిపోవట్లేదు, ఈ మాత్రం పనికి ఫ్రీక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ చాలు, డబ్బులు కట్టక్కర్లేదు, గీయడం, బలం చూసుకోవడం రెండూ అందులోనే అయిపోతాయి.

ముందు కొలతలు. స్కేలుతో కాదండి, వెర్నియర్ కాలిపర్‌తో తీసి కాగితం మీద రాసుకోండి. తర్వాత ఫ్రీక్యాడ్‌లో పార్ట్ డిజైన్ అనే విభాగంలో స్కెచ్ తెరిచి, బ్రాకెట్‌ని పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఆ ఎల్ ఆకారం గీయండి, గీతలు వంకరగా వచ్చినా కంగారు పడకండి, కొలతలు ఇస్తూ పోతే అవే సర్దుకుంటాయి. గీతలన్నీ ఆకుపచ్చగా మారేదాకా, అంటే కొలతలన్నీ ఖాయమయ్యేదాకా వదలొద్దు, లేదంటే రేపు ఒక సైజు మార్చినప్పుడు బొమ్మంతా ఎటో పోతుంది. గీసిన బొమ్మని దిమ్మలా మార్చే ప్యాడ్ నొక్కి 20 ఎంఎం వెడల్పు ఇవ్వండి, 4 ఎంఎం స్క్రూకి 4.5 కంత పెట్టండి, ప్రింట్‌లో కంతలు కాస్త చిన్నగా వస్తాయి.

ఇక ఫెమ్ వర్క్‌బెంచ్, ఫ్రీక్యాడ్‌లో బలం లెక్కగట్టే విభాగం ఇదే. గోడకి ఆనే వైపు ఫిక్స్ చేసి, చివర బరువు పెట్టాలి. 3 కిలోలంటే దాదాపు 30 న్యూటన్లు, కానీ నీళ్లు పోస్తాం, గాలికి ఊగుతుంది, అందుకే 60 పెట్టండి. మెష్ చేసి, అంటే బొమ్మని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, లెక్క చేసే సాల్వర్ రన్ చేస్తే లోపలి మూల ఎర్రగా కనిపిస్తుంది, ఒత్తిడి అక్కడే ఎక్కువన్నమాట, అక్కడ 8 ఎంఎం ఫిల్లెట్ ఇచ్చి, అంటే మూలని గుండ్రంగా చేసి, మళ్లీ రన్ చేయండి, తేడా మీకే తెలుస్తుంది.

అయితే ఆ రంగుల బొమ్మని మరీ నమ్మేయకండి. దాని లెక్కలో ప్లాస్టిక్ అన్ని వైపులా ఒకటే బలం, ప్రింట్ అలా ఉండదు, పొరల మధ్య బలం తక్కువ. నా మొదటి బ్రాకెట్ నిలబెట్టి ప్రింట్ చేశా, కంప్యూటర్లో పాసయింది, వారానికి మూల దగ్గర పొరపొరగా ఊడి మరువం కుండీ కింద పడింది, ఇంట్లో తిట్లు వేరే.

అందుకే డిజైన్‌ని ఎస్‌టీఎల్ ఫైల్‌గా సేవ్ చేసి, ప్రింటర్ కోసం పొరలుగా కోసే స్లైసర్ సాఫ్ట్‌వేర్‌లో వేశాక బ్రాకెట్‌ని పక్కకి పడుకోబెట్టండి, పొర మందం 0.2 ఎంఎం, బయటి గోడలు (వాల్స్) 4 వరసలు పెట్టండి. బయట ప్రింట్ చేయిస్తుంటే ఈ మాట వాళ్లకి ముందే చెప్పండి. ప్రింటింగ్‌కి ఎక్కువగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మన మే నెల ఎండకి పీఈటీజీ అనే ప్లాస్టిక్ నయం. కుండీ పెట్టేముందు ఒక రాత్రి 6 కిలోల ఇసుక సంచి వేలాడదీసి చూడండి.