నియంతల రాజ్యం మీద కథ రాసేవాళ్లకు

మా అనంతపురంలో కథలు రాసే పిల్లలు డిస్టోపియా, అంటే మనుషుల్ని అణిచే ఊహాలోకం కథ అనగానే డ్రోన్లు, తుపాకులు, వీధివీధికీ కెమెరాలు దించేస్తారు. డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతాను కాబట్టి ఆ కథలు నా దగ్గరికే వస్తాయి. చదివాక నేనడిగేది ఒకటే: ఈ రాజ్యంలో ఇద్దరు ఒక గదిలో తలుపేసుకోవాలంటే ఎవరి అనుమతి కావాలి? సిగ్గుపడి నేల చూపులు చూస్తారు. అది తేలందే మీ రాజ్యం తయారుకాలేదు.

అందుకే ముందు ఒక కాగితాన్ని కనిపెట్టండి. రష్యన్ రచయిత జమ్యాతిన్ ‘వీ’ (మేము) నవలలో ఇళ్లన్నీ గాజువి. తెర దించుకోవాలంటే గులాబీ రంగు టికెట్ చూపించాలి, అదీ కేటాయించిన గంటలోనే. 1924లో ఇంగ్లిష్‌లో వచ్చిన ఆ నవల సొంత దేశంలో అచ్చయ్యేసరికి 1988 అయింది. వంద మంది సైనికులు చేసే పని ఆ ఒక్క టికెట్ చేస్తుంది.

పట్టు బిగించాలంటే నిషేధమే పెట్టాలని లేదు. ఆర్వెల్ నవల ‘1984’లో ఉన్నది నిషేధమే, అందులో జూలియా శృంగారం వద్దనే యాంటీ సెక్స్ లీగ్ ఎర్ర పట్టీ నడుముకు చుట్టుకుని తిరుగుతుంది. ప్రేమలో ఖర్చు కావాల్సిన శక్తినే పాలించే పార్టీ ఊరేగింపులకు, నినాదాలకు మళ్లిస్తోందని కథానాయకుడు విన్‌స్టన్‌కు చెప్పేదీ ఆమే. హక్స్‌లీ 1932లోనే ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ నవలలో దీన్ని తలకిందులు చేశాడు. ఆయన లోకంలో నాలుగు నెలలు ఒకే మగవాడితో తిరిగినందుకు లెనీనా అనే అమ్మాయికి స్నేహితురాలితో చీవాట్లు పడతాయి.

మతం దగ్గరే మనవాళ్లు ఎక్కువ తడబడతారు. దొంగ స్వామిని ఒకణ్ని తెచ్చి పని అయిందనుకుంటారు. దేవుణ్ని తిట్టక్కర్లేదు, పుస్తకం ఎవరి చేతిలో ఉందో చూపించండి చాలు. కెనడా రచయిత్రి ఆట్‌వుడ్ నవల ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ (1985)లో, పెద్దల ఇళ్లకు పిల్లల్ని కనిపెట్టడానికి ఆడవాళ్లను దాసీలుగా పెట్టే రాజ్యంలో, బైబిల్‌కు తాళం వేసి ఉంటుంది. ఇంటి యజమాని అయిన కమాండర్ తీసి చదవాలి, ఆడవాళ్లు వినాలి. పిల్లలు లేని రాహేలు పిల్లల కోసం తన దాసి బిల్హాను భర్త దగ్గరికి పంపిన ఘట్టం చదివి, దాన్నే ఆ రాత్రికి చట్టం చేస్తాడు. ఇంకోచోట టేపులో ‘ధన్యులు’ అంటూ సాగే బైబిల్ వాక్యాలు వినిపిస్తుంటే, మౌనంగా ఉండేవాళ్లు ధన్యులని కొత్త వాక్యం ఒకటి దూరుతుంది. అది కల్పించిందని కథ చెప్పే దాసికి తెలుసు. కానీ సరిచూసుకుందామంటే పుస్తకం అందదు. మతం మీద ఇంతకన్నా పదునైన విమర్శ నాకు తట్టదు.

ఇక మన ఊళ్లో పెట్టి రాయండి. చరిత్రలో ఎక్కడో ఒకచోట జరగనిది తన నవలలో పెట్టలేదని ఆట్‌వుడ్ అంటారు. మనకు ఎమర్జెన్సీ ఉండనే ఉంది. 1976-77లో దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి, చాలాచోట్ల ఉద్యోగుల జీతాలకు కూడా ఆ టార్గెట్‌తో ముడిపెట్టారు. ఆ పద్ధతినే నీళ్లకు పెట్టి చూడండి. వీధిలోకి ట్యాంకర్ వస్తుంది. రిజిస్టర్‌లో జంటగా పేరున్న ఇంటికి ఆరు బిందెలు, లేనివాళ్లకు రెండు. ఒక వితంతువు, ఆమెతో ఉంటున్నాయన వేర్వేరుగా క్యూలో నిలబడ్డారు. “ఏమ్మా, బిందెలు రెండే, మోయను మనిషెందుకు?” అని ట్యాంకర్ మనిషి అడుగుతాడు. ఇంక ఉపన్యాసం రాయకండి, ఆమె జవాబు రాయండి.

చివరగా, రూల్ పెట్టినవాళ్లు దాన్ని ఎక్కడ తప్పుతున్నారో ఒక సీన్ ఉండాలి. ఆట్‌వుడ్ కమాండర్ తన చట్టం నిషేధించిన క్లబ్బుకే ఆ దాసిని ముస్తాబు చేసి తీసుకెళ్తాడు. మీ కథలో ఆ రిజిస్టర్ రాసే ఆఫీసరు రాత్రి ఎవరింటికి వెళ్తాడో తేల్చుకోండి.