శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వైద్య ఆరోగ్యశాఖ కాంట్రాక్టు ఉద్యోగాలు: దరఖాస్తు విధానం

స్టాఫ్ నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు, క్షయ నివారణ కార్యక్రమంలో సూపర్‌వైజరు, హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో కౌన్సెలరు లాంటి కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పోస్టులకు చాలావరకు రాతపరీక్ష ఉండదు, ఇంటర్వ్యూ కూడా ఉండదు. మీరిచ్చిన కాగితాలకు మార్కులు వేసి, వరస పెట్టి, రోస్టర్ (రిజర్వేషన్ల వరస) ప్రకారం పిలుస్తారు. ఎవరో ఫోన్ చేసి చెప్పిస్తే పెరిగే మార్కులు ఈ లెక్కలో లేవు. ఒక కాగితం తక్కువైతే తగ్గే మార్కులు మాత్రం ఉన్నాయి. అందుకే ఫారం నింపడం చివరి పని. అసలు పని నోటిఫికేషన్ రాకముందే మొదలవ్వాలి, ఎందుకంటే చాలాసార్లు గడువు పది రోజులకు మించదు.

ఎవరి నోటిఫికేషన్ అన్నది ముందు చూడండి

పీహెచ్‌సీలు, పట్టణ ఆరోగ్య కేంద్రాలు, జాతీయ ఆరోగ్య మిషన్ పోస్టులు జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి, అంటే డీఎంహెచ్‌ఓ కార్యాలయానివి. ఏరియా ఆసుపత్రులు, సీహెచ్‌సీల (సామాజిక ఆరోగ్య కేంద్రాల) పోస్టులు జిల్లా ఆసుపత్రుల సేవల సమన్వయాధికారి, అంటే డీసీహెచ్‌ఎస్ కార్యాలయానివి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలలు, వాటి సర్వజన ఆసుపత్రుల పోస్టులకు ప్రిన్సిపాల్ లేదా సూపరింటెండెంట్ పేరుతో ప్రకటన వస్తుంది. స్టాఫ్ నర్సు జోనల్ పోస్టు కాబట్టి, విశాఖపట్నంలోని ప్రాంతీయ సంచాలకుల కార్యాలయం విడిగా పిలుస్తుంది. ఒకే వారంలో రెండు ప్రకటనలు పడితే రెండింటికీ వేరువేరు దరఖాస్తు, వేరువేరు ఫీజు. ఒకచోట ఇచ్చిన కవరు ఇంకోచోటికి దానంతటది వెళ్లదు.

ప్రకటన, ఫారం రెండూ జిల్లా అధికారిక వెబ్‌సైట్‌లో ‘రిక్రూట్‌మెంట్’ విభాగంలో ఉంటాయి. వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌ను నమ్ముకోవద్దు. పాత నోటిఫికేషన్ ఫారానికి తేదీ మాత్రం మార్చి పంపేవాళ్లున్నారు. పాత ఫారంలో నింపి ఇచ్చింది పరిశీలనలో తీసేస్తే అడగడానికేమీ ఉండదు.

మార్కులు ఎలా వేస్తారు

మొత్తం 100. అర్హత పరీక్షలో అన్ని సంవత్సరాలకూ కలిపి వచ్చిన మార్కుల శాతాన్ని 75కు కుదిస్తారు. ఆ పరీక్ష పాసై గడిచిన ప్రతి పూర్తి సంవత్సరానికి 1 చొప్పున గరిష్ఠంగా 10. ప్రభుత్వ వైద్య సంస్థల్లో కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ సేవకు గరిష్ఠంగా 15. ఈ 15 దగ్గరే గెలుపోటములు తేలతాయి. నిండిన ప్రతి ఆరు నెలలకు గిరిజన ప్రాంతంలో 2.5, గ్రామీణ ప్రాంతంలో 2, పట్టణంలో 1. కోవిడ్ విధుల్లో నియామక ఉత్తర్వుతో పనిచేసినవారికి ఆరు నెలలకు 5, ఏడాదికి 10, ఏడాదిన్నరకు 15. ఎన్ని రకాల సేవ ఉన్నా కలిపి 15 దాటదు.

లెక్క వేసి చూద్దాం. ఒకరికి జీఎన్‌ఎంలో (నర్సింగ్ డిప్లొమాలో) 64 శాతం: 48 మార్కులు. పాసై ఆరేళ్లయింది: 6. ఏజెన్సీ పీహెచ్‌సీలో రెండేళ్లు: 10. మొత్తం 64. ఇంకొకరికి 78 శాతం: 58.5. పాసై రెండేళ్లు: 2. ప్రభుత్వ సేవ లేదు. మొత్తం 60.5. మార్కుల్లో 14 శాతం వెనకబడ్డ అభ్యర్థి ముందుకొచ్చింది. అదే అభ్యర్థి సర్వీసు సర్టిఫికెట్‌లో ‘గిరిజన ప్రాంతం’ అన్న మాట లేక పట్టణ సేవగా లెక్క కట్టారనుకోండి, 10 కాస్తా 4 అవుతుంది, మొత్తం 58. ఉద్యోగం పోయినట్టే. రెండేళ్లకు వారం రోజులు తక్కువున్నా మూడు అర్ధ సంవత్సరాలే నిండాయి కాబట్టి 7.5 మాత్రమే.

సర్వీసు సర్టిఫికెట్ నోటిఫికేషన్‌కు జతచేసిన నమూనాలోనే ఉండాలి. పోస్టు పేరు, సంస్థ పేరు, ప్రాంతం ఏ రకం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, నియామక ఉత్తర్వు నంబరు, అందులో చెప్పిన అధికారి సంతకం, ముద్ర. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు తెల్లకాగితం మీద ‘బాగా పనిచేసింది’ అని రాసిచ్చింది మంచి మాటే గాని దానికి మార్కులు రావు. ప్రైవేటు ఆసుపత్రి అనుభవానికీ రావు. ఇంతకుముందు చేసిన పోస్టు, ఇప్పుడు అడుగుతున్న పోస్టు ఒకటే కావాలా అన్నది నోటిఫికేషన్‌లో స్పష్టంగా చదువుకోండి.

ఇక్కడ మన జిల్లాలకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. సీతంపేట, భామిని, వీరఘట్టం, పాలకొండ మండలాలు శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లాయి. ఆ మండలాల్లో 2020లో చేరి 2023 దాకా చేసినవారికి చేరినప్పటి ఉత్తర్వు ఒక జిల్లాది, చివరి జీతం ఇంకో జిల్లాది. ఒక్క సర్టిఫికెట్‌తో సరిపెట్టకుండా ఏ కాలానికి రికార్డు ఎక్కడుందో అడిగి, అవసరమైతే రెండు చోట్లా తీసుకోండి. అడిగిన రోజునే సంతకం కాదు. డైలీవేజ్ కాగితాలు, హాజరు రిజిస్టరు వెతకాలంటే వారం పడుతుంది. ఉద్యోగం మానేసిన రోజే అడిగి తీసుకోవడం మేలు.

లోకల్, నాన్‌లోకల్

నాలుగో తరగతి నుంచి పదో తరగతి వరకు ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు కావాలి. పదో తరగతితో ముగిసే వరస నాలుగేళ్లు ఏ స్థానిక ప్రాంతంలో చదివారన్నది మొదట చూస్తారు. అందుకే ఒక్క తరగతి కాగితం లేకున్నా ఫైలు ఆగిపోతుంది. ప్రైవేటు బడి మూతపడి ఉంటే ఆ రికార్డు ఎక్కడికి చేరిందో మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో విచారించండి. బడికి వెళ్లకుండా ప్రైవేటుగా పది రాసినవారు తహసీల్దారు నివాస ధ్రువపత్రం పెట్టాలి.

రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలవాళ్ల సర్టిఫికెట్లలో శ్రీకాకుళం జిల్లా అని ఉంటుంది, ఇప్పుడు ఉండేది విజయనగరం జిల్లాలో. కంగారు అక్కర్లేదు, సర్టిఫికెట్‌ను దిద్దించే పని అసలే పెట్టుకోవద్దు. నోటిఫికేషన్‌లో యూనిట్ ఉమ్మడి జిల్లానా, కొత్త జిల్లానా అని చూసి, ఫారంలో చదివిన ఊరు, మండలం, అప్పటి జిల్లా ఉన్నదున్నట్టు రాయండి. ఇచ్ఛాపురం వైపు పిల్లలు కొందరు బరంపురంలో చదువుతారు. ఒడిశాలో చదివిన ఏళ్లు మన స్థానికతకు లెక్కలోకి రావు. ఇంటి పట్టా ఇచ్ఛాపురంలో ఉన్నా అంతే.

అక్కడ చేసిన నర్సింగ్, పారామెడికల్ కోర్సులకు ఇంకో మెట్టుంది. ఆంధ్రప్రదేశ్ నర్సింగ్ కౌన్సిల్‌లో గాని, పారామెడికల్ బోర్డులో గాని రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇక్కడే చదివినవారికి కూడా రిజిస్ట్రేషన్ గడువు తీరితే రెన్యువల్ చేయించాల్సిందే. డబ్బు కట్టిన రసీదు పెట్టి ‘అప్లై చేశాం’ అంటే చాలాచోట్ల ఒప్పుకోరు. ఉద్దానంలో కిడ్నీ రోగులున్నందున డయాలిసిస్ టెక్నీషియన్లకు పని ఉంటుంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. కోర్సు చేసి బోర్డులో నమోదు కాకుండా ఉండిపోయినవాళ్లు ప్రకటన వచ్చాక పరిగెత్తడం కంటే ఇప్పుడే చేయించుకోవచ్చు.

ప్రజల్లో తిరిగే పోస్టులు

క్షయ కార్యక్రమంలో సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజరు పోస్టుకు డిగ్రీ లేదా శానిటరీ ఇన్‌స్పెక్టరు కోర్సు, కంప్యూటర్ సర్టిఫికెట్‌తో పాటు ద్విచక్ర వాహనానికి శాశ్వత లైసెన్సు అడుగుతారు. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) చెల్లదు. ఊరూరా తిరిగి మందులు మానేసినవారిని పట్టుకోవడమే ఆ ఉద్యోగం, బండి రాకపోతే కుదరదు. ఇంత చిన్న కాగితం దగ్గర ఆగిపోవడం బాధే. కౌన్సెలరు పోస్టులకు సోషల్ వర్క్, సైకాలజీ, సోషియాలజీ లాంటి చదువులు అడుగుతారు. డిగ్రీలో ఆ సబ్జెక్టు పేరు వేరుగా ఉంటే మార్కుల మెమోలు అన్నీ పెట్టండి.

ఆశా కార్యకర్త దారి వేరు. ఆమె ఆ ఊరి మనిషే అయి ఉండాలి. జాతీయ మార్గదర్శకాల్లో వయసు 25 నుంచి 45, పదో తరగతి దాకా చదివినవారికి ప్రాధాన్యం. వివాహిత, వితంతువు, విడాకులు తీసుకున్న మహిళలకూ ప్రాధాన్యం, ఎందుకంటే పెళ్లయి ఊరు మారిపోయే అమ్మాయిని తీసుకుంటే ఏడాదికే ఖాళీ వస్తుంది. మైదానంలో వెయ్యి జనాభాకు ఒకరు, గిరిజన ప్రాంతంలో గూడేన్ని బట్టి. ఖాళీ సంగతి ఏఎన్‌ఎంకో, పీహెచ్‌సీలోనో ముందు తెలుస్తుంది. ఆధార్, రేషన్ కార్డులో పుట్టింటి చిరునామా ఉండిపోతే అత్తవారి ఊరిలో ‘స్థానికురాలు కాదు’ అన్న అభ్యంతరం వస్తుంది. చిరునామా ముందే మార్పించుకోండి. రాష్ట్రంలో గౌరవ వేతనం నెలకు 10,000.

ఫారం, కవరు, ఆ తర్వాత

వయసు సాధారణంగా ఓసీలకు 42, ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈడబ్ల్యూఎస్‌లకు 47, దివ్యాంగులకు 52. ఏ తేదీ నాటికి అన్నది నోటిఫికేషన్ చెబుతుంది. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిదే కావాలి. బీసీలు ఏ, బీ, సీ, డీ, ఈల్లో ఏ గ్రూపో తప్పకుండా రాయాలి. పదో తరగతి అర్హతగా ఉన్న పోస్టులకు మెమోలో జీపీఏ మాత్రమే ఉంటే దాన్ని మార్కులుగా మార్చే పద్ధతి నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఫీజు డీడీ రూపంలో అడిగితే ఎవరి పేరు మీద, ఎక్కడ చెల్లేలా అన్నది అక్షరం తేడా లేకుండా బ్యాంకులో చెప్పండి. డీడీ వెనక మీ పేరు, పోస్టు, ఫోన్ నంబరు రాయండి. రెండు పోస్టులకు పెడితే రెండు డీడీలు. జిరాక్సుల మీద గెజిటెడ్ అధికారి అటెస్టేషన్ చేయించి, ఫారంలో ఉన్న వరసలోనే పేజీ నంబర్లు వేసి కట్టండి. పరిశీలించే గుమస్తా ముందు వందల ఫైళ్లుంటాయి. వెతుక్కోవలసిన కాగితం లేనట్టే. స్వయంగా ఇస్తే తేదీతో ఉన్న రసీదు తీసుకోకుండా కదలొద్దు. పోస్టులో పంపవచ్చని ఉంటే గడువుకు నాలుగు రోజుల ముందే రిజిస్టరు పోస్టు చేయండి. ఆలస్యంగా చేరినది, పోస్టు ముద్ర తేదీ ఎంత పాతదైనా, లెక్కలోకి రాకపోవచ్చు.

తర్వాత ప్రొవిజనల్ మెరిట్ లిస్టు వెబ్‌సైట్‌లో పెడతారు. అభ్యంతరాలకు రెండు మూడు రోజులే ఇస్తారు. మీ పేరు ఎదురుగా శాతం, పాసైన ఏడాది, సేవా మార్కులు, లోకల్ కాలమ్, కులం కాలమ్ ఐదూ మీ లెక్కతో సరిపోల్చండి. తేడా ఉంటే రాతపూర్వకంగా, రుజువు జతచేసి ఇచ్చి, దానికీ రసీదు తీసుకోండి. అప్పటిదాకా పెట్టని కొత్త సర్టిఫికెట్‌ను ఈ దశలో తీసుకోరు. ఫైలులో ఉన్నదాన్ని వాళ్లు చూడలేదని మాత్రమే చెప్పగలరు.

ఫైనల్ లిస్టు తర్వాత కౌన్సెలింగుకు ఒరిజినల్స్‌తో వెళ్లాలి. మెరిట్ వరసలో ఖాళీలు చూపిస్తారు. చేరనివారి స్థానంలో తర్వాతివారిని ఫోన్ చేసి పిలవడం మామూలే. అందుకని ఫారంలో రాసిన నంబరు ఆరు నెలలైనా పనిచేస్తూ ఉండాలి, రెండో నంబరుగా ఇంట్లోవాళ్లది ఇవ్వండి.