బెజవాడలో కొత్త కాపురం: ఇంటి నెట్‌కి లినక్స్ గేట్‌వే

పాత కంప్యూటర్లో లినక్స్ వేసి, ఇంటి నెట్ అంతా దాని గుండా పోయేలా చేస్తే అదే గేట్‌వే. అమెరికా నుంచి పాత డెస్క్‌టాప్ వెంట తెచ్చుకున్నవాళ్లు ముందు దాని వెనక చూడండి. పవర్ సప్లైకి ఎర్ర స్విచ్ ఉండి, అది 115 దగ్గర ఉంటే, ఇక్కడి 230 వోల్టులకు ఢామ్మంటుంది. 230కి జరిపాకే ప్లగ్గు పెట్టండి. 100–240 అని రాసి ఉంటే భయం లేదు.

గేట్‌వే పనికి పెద్ద మెషిన్ అక్కర్లేదు. 2 జీబీ ర్యామ్, రెండు లాన్ పోర్టులు (నెట్ కేబుల్ పెట్టే చోట్లు) చాలు. ఒకటే ఉంటే యూఎస్‌బీ 3 గిగాబిట్ అడాప్టర్ తగిలించండి. ఒక పోర్టు ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ డబ్బాకి, రెండోది నెట్‌వర్క్ స్విచ్‌కి, అంటే ఇంట్లో కేబుళ్లన్నీ కలిసే పెట్టెకి.

కనెక్షన్ పెట్టే అబ్బాయి ఇంట్లో ఉండగానే ఫైబర్ డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో (అది తాను రౌటర్ పని చేయకుండా నెట్‌ని నేరుగా గేట్‌వేకి వదిలేలా) పెట్టించి, పీపీపీఓఈ (ఆపరేటర్ నెట్‌కి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రాసుకోండి. ఆ తర్వాత ఫోన్ చేస్తే "మనిషిని పంపిస్తామండీ" అనే మాటే మిగులుతుంది. బ్రిడ్జ్ కుదరకపోయినా పనవుతుంది. కాకపోతే చాలా డబ్బాలు 192.168.1 అడ్రసుల వరసలోనే ఉంటాయి. లోపలి నెట్‌కీ అదే వరస ఇస్తే ఏ ప్యాకెట్ ఎటు పోవాలో గేట్‌వేకి తెలియదు. లోపల 192.168.50.1 పెట్టి, డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాంతో చివర 100 నుంచి 200 దాకా ఉండే అడ్రసులు పంచండి.

అసలు పని రెండే: ఐపీ ఫార్వర్డింగ్ (ఒక పోర్టుకి వచ్చిన ప్యాకెట్లని ఇంకో పోర్టుకి దాటించే సెట్టింగ్) విలువ 1 చేయడం, లినక్స్ ఫైర్‌వాల్ ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో బయటి కనెక్షన్ మీద మాస్కరేడ్ రూల్ (ఇంట్లోవన్నీ ఒకే బయటి అడ్రసుతో కనబడేలా చేసేది) రాయడం. బయట నుంచి కొత్తగా వచ్చేవాటిని ఆపేయండి, లోపలివాళ్లు అడిగినవాటికి జవాబులు మాత్రం రానివ్వండి. ఇవన్నీ ఫైల్లో రాయకుండా కమాండ్ కొట్టి ఊరుకుంటే కరెంటు పోయి వచ్చేదాకానే పనిచేస్తాయి. గేట్‌వేలో నెట్ ఉండి, ఫోన్లకు అడ్రసు వచ్చి, పేజీ మాత్రం రాకపోతే ముందు అనుమానించాల్సింది ఫార్వర్డింగ్‌నే. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే సెటప్) కరెంటు రాగానే తనంతట ఆన్ అయ్యే సెట్టింగ్ కూడా పెట్టుకోండి.

పాత వైఫై రౌటర్‌ని వాడుకోవచ్చు. దాని డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే పని) ఆపి, స్విచ్ నుంచి వచ్చే కేబుల్‌ని దాని లాన్ పోర్టులో పెట్టండి. ఆపకపోతే కొన్ని ఫోన్లు దాని దగ్గర అడ్రసు తీసుకుని నెట్ లేదంటాయి.

జనాన్ని బాగా తిప్పలు పెట్టేది ఇంకోటుంది. పింగ్ (అవతలి మెషిన్ పలుకుతోందా అని చూసే పరీక్ష) పనిచేస్తుంది, కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని సగంలో ఆగిపోతాయి. పీపీపీఓఈ ప్రతి ప్యాకెట్‌లో 8 బైట్లు తినేస్తుంది కాబట్టి 1500 ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) కాస్తా 1492 అవుతుంది. ప్యాకెట్ పెద్దదని చెప్పే ఐసీఎంపీ కబురు దారిలో ఎవరో ఆపేస్తే అవతలి సర్వర్ పెద్ద ప్యాకెట్లే పంపుతూ ఉంటుంది. దీనికి మందు ఎంఎస్ఎస్ క్లాంపింగ్ రూల్ (ప్యాకెట్‌లో మోసే డేటా సైజుకి ముందే హద్దు పెట్టేది), ఐపీవీ4కి 1452.

బయటి అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు ఆపరేటర్ నాట్ (NAT, చాలా ఇళ్లకి ఒకే బయటి అడ్రసు పంచే ఏర్పాటు) వెనక ఉన్నట్టు. ఊరి నుంచి ఇంటి కెమెరా చూడాలని పోర్ట్ ఫార్వర్డింగ్ (బయట నుంచి వచ్చేవాటిని లోపలి మెషిన్‌కి మళ్లించడం) ఎంత చేసినా వృథా. స్టాటిక్ ఐపీ (మీకే సొంతమైన, మారని అడ్రసు) అడగండి, లేదా బయటి సర్వర్‌కి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వేసుకోండి.

మెషిన్‌ని అటక మీద మాత్రం పెట్టకండి, మే నెల స్లాబు వేడికి తట్టుకోదు. ఇన్వర్టర్ లైన్ మీద గేట్‌వేతోపాటు ఫైబర్ డబ్బా, స్విచ్ కూడా ఉండాలి.