అరికాళ్లూ గోళ్లూ ఇలా చూసుకోండి

మా నాన్నగారికి మెలనోమా వచ్చింది అరికాల్లో. చూడ్డానికి ఆనెకాయలాగే ఉండేది. మనలాంటి ఛాయ ఉన్నవాళ్లకి ఈ చర్మ క్యాన్సర్ ఎక్కువగా అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద, అంటే ఎండ పెద్దగా తగలని చోటే వస్తుంది. అందుకే విశాఖ ఎంవీపీ కాలనీలోని మా పార్లర్‌లో పెడిక్యూర్‌కి ఎవరొచ్చినా ముందు పాదం తిప్పి చూస్తాను. ట్యానింగ్ బెడ్, అంటే చర్మం రంగు ముదరడానికి అతినీలలోహిత కిరణాలు పట్టించే మంచం, మాత్రం చచ్చినా పెట్టను. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2009లో దాన్ని క్యాన్సర్ కలిగించేవాటిలో, పొగాకు ఉన్న వర్గంలోనే చేర్చింది.

నెలకోసారి నెయిల్ పాలిష్ పూర్తిగా తీసేసి, పగటి వెలుతురులో కూర్చోండి. వేళ్ల సందులు విప్పి చూడండి. అరికాలు కనపడకపోతే అద్దం పెట్టుకోండి. మచ్చ రెండు సగాలూ ఒకేలా లేకపోయినా, అంచు వంకరటింకరగా ఉన్నా, రంగులు కలగలిసినా, 6 మిల్లీమీటర్లు దాటినా, పెరుగుతున్నా అనుమానించాలి. గోటి మీద కొత్త నల్లచార వెడల్పవుతున్నా, ఆ నలుపు గోటి మొదట్లోని చర్మానికి పాకినా అస్సలు ఆగకండి. మానని పుండు కూడా అంతే.

పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసుకోండి. బ్లేడుతో గీకడం, ఆనెకాయల పట్టీ వేయడం వద్దు. విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లోనో, దగ్గర్లోనో చర్మవ్యాధుల డాక్టరుకి చూపించండి. బయాప్సీ అంటే టెన్షన్ పడకండి, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు.